పదోది జిగురుకి

రాత్రి రెండున్నరకి సరగోసాలో, మా పేటలో,
మెలకువగా ఉండేవి రెండే:
మా రొట్టెల పొయ్యి, మలుపులో మందుల షాపు.
షాపంటే తలుపు తెరవరు.
గాజుకి చిన్న కంత, దాని కింద
లోపలికీ బయటికీ జరిగే ఇనప సొరుగు.
డబ్బులు వేస్తే మందు వస్తుంది.

ముంజేతి మీద కొత్త వాత పడ్డప్పుడల్లా వెళ్తాను.
ఎబ్రో నది మీంచి వచ్చే గాలిని సియెర్సో అంటాం,
పేరు పెట్టి తిట్టేంత చనువు దానితో మాకు.
నా ఏప్రన్ దులిపి పిండంతా వీధికి పంచుతుంది.

ఓరోసియా లోపల ఎత్తు స్టూలు మీద.
నా పేరు ఎన్నడూ అడగలేదు.
చెయ్యి ఇలా తిప్పు, అనేది. అంతే.

ఆ రాత్రి బిల్లు మిషన్లో చుట్ట అయిపోవచ్చి
కాగితం అంచున ఎర్రగీత పడింది.
జానెడు మీద నాలుగు వేళ్ళు చింపింది.
నిలువునా సగానికి కోసింది.
కొలబద్ద లేదు. మూల పట్టుకుని
కంటికి తోచినంత వాలుగా ఒక మడత,
దాని అంచుకి ఇంకోటి, అటు ఒకటి, ఇటు ఒకటి,
గోటితో గీరుతూ.

"మొదటిది వంకరపోయింది," అన్నాను కంతలోంచి.
"పోనీ. ప్రతి మడతకీ తప్పు సగమవుతుంది.
నాలుగైదు దాటాక ఎవరూ పట్టుకోలేరు."
అని ఆ వంకరవన్నీ తుంచి చెత్తబుట్టలో పడేసింది.
పది త్రిభుజాలు మిగిలాయి.
మెలిపెట్టి, చుట్టి, ఒకదాని కిందికి ఒకటి తోసి
ఆరు మూలల బిళ్ళ చేసింది.
"తొమ్మిదే లెక్కలోకి. పదోది జిగురుకి."

బర్నాల్ లాంటి ఆ పసుపు ట్యూబు పక్కన
సొరుగులో నా వైపు వచ్చింది బిళ్ళ.
గాజు అవతల వేళ్ళతో చూపించింది:
మూలలు మూడు కిందికి నొక్కు, నడుమ పైకి తెరువు.
ఆకలేసిన పిట్టపిల్లలా నోరు తెరిచింది కాగితం,
ఒక ముఖం మింగి ఇంకోటి ఇచ్చింది.
మళ్ళీ నొక్కితే ఇంకోటి.
మూడూ తెలుపే. ఏది ఏదో ఎలా తెలిసేది?
"పెన్నుతో గుర్తులు పెట్టుకో," అంది.

నా దగ్గర పెన్ను లేదు. పని ఉంది.
పొయ్యి మీది రేకు అరలో పెట్టి మరిచిపోయాను.

తెల్లవారుజామున గౌదియోసో కేక:
"ఎవడిదిరా ఈ మాడిన బిస్కెట్టు?"
తీసి చూస్తే బిళ్ళ. బొగ్గులా నలుపు.
వేడి తగిలితే నల్లబడే కాగితం కదా, బిల్లు కాగితం.
ఏడుపొచ్చినంత పనైంది. ఊరికే నొక్కాను.
తెరుచుకుంది.
ఒక నల్లది, ఒక తెల్లది, ఒక నల్లది, ఒక తెల్లది,
చక్రంలా ఆరు.
ఇంకోసారి నొక్కాను.
మంచులా తెలుపు. మొత్తం.

పెనం మీద పడ్డది ఒకే కాగితం.
దాని రాత వైపు మాడింది, వీపు మాడలేదు.
రెండే పక్కలున్న దానికి
మూడు ముఖాలు ఎక్కణ్ణుంచి వచ్చాయో
పిండి కలిపే మిషను పక్కన నిలబడి
చాలాసేపు వేలు పెట్టి వెతికాను.
అంచు పట్టుకుని పోతే వేలు
ఎక్కడా గడప దాటకుండానే వెనకవైపుకి చేరుతోంది.

మర్నాడు వెళ్ళాను. కిటికీ మూసి ఉంది.
ఈ వారం రాత్రి వంతు వేరే వీధి షాపుదట, చీటీ అంటించారు.
తొమ్మిదో రోజు మళ్ళీ లైటు.
వాత లేకుండా వెళ్ళడం అదే మొదటిసారి.
అలవాటుగా నా చేతివైపే చూసింది.
బిళ్ళ సొరుగులో వేశాను.

నలుపు. గళ్ళు. తెలుపు.
మళ్ళీ మొదట్నుంచి.
"ఇది నేను చేసింది కాదు," అంది చివరికి,
నవ్వకుండా, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి.
సొరుగు తిరిగొచ్చింది. బిళ్ళ లేదు.
ఒక కాగితం పట్టీ, సగానికి కోసింది,
దాని మీద ఒకే ఒక్క మడత, కావాలని వంకరగా.

ఇప్పుడు పిండి బల్ల దగ్గర కూర్చున్నాను.
రెండో మడత వేశాను.
తప్పు సగమైంది, నా కంటికి ఇంకా కనిపిస్తోంది.
రొట్టెలు పొంగడానికి ఇరవై నిమిషాలుంది.